చెంగయ్య మామ కానుగచెట్టు

మణవాళనగర్,
12-5-1983

బావా,

నమస్కారాలు. నేనూ అత్తా క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. భిలాయిలో మీకు తిండి సరిపడుతోందని తెలిసి నిమ్మళించాము.

"ఇంట్లో ఫ్యాను వేసిపెట్టి యాడ తిరుగుతా ఉండారు, బిల్లు ఇంత వచ్చింది?" అని అడిగారు. మేమెక్కడికీ తిరగలేదు. ఫ్యానే తిరుగుతోంది, పగలూ రాత్రీ. కొత్తగా వేయించిన రంగు వీధిలోకి కనబడదని శివరాత్రి సెలవులో వచ్చి మీరే పడమటి వైపు వేపచెట్టు కొట్టించారు. నేను మొత్తుకుంటే, "ఇల్లు కట్టింది దాచిపెట్టేదానికా?" అన్నారు. ఇప్పుడు రంగు బాగా కనబడుతోంది. ఎండకు సగం వెలిసింది కూడా. మధ్యాహ్నం కాగిన గోడ దీపాలు పెట్టినా చల్లారదు. పోయిన ఎండాకాలం ఆ పడమటి గదిలో ఫ్యాను వేసిందే తక్కువ. ఇప్పుడు వేసినా వేడిగాలే. ఆపితే అత్తకు ఊపిరాడదు. పోయిన వారం కళ్ళు తిరిగి వంటింట్లో కూలబడింది. "వాణ్ణి వచ్చి ఈ గోడకు వీపు ఆనించి కూచోమను, బిల్లు సంగతి అప్పుడు మాట్లాడదాం" అంటోంది. మీ అమ్మ మాటే, నాది కాదు.

ఇక ఇంతవరకూ చెప్పనిది. ఆ రోజు నుంచి పగలంతా అత్త మంచం పక్కింటి చెంగయ్య మామ పెరట్లో, కానుగచెట్టు కింద వేస్తున్నాం. అవును, కొమ్మలు మన మిద్దె మీదికి వచ్చాయని నడివీధిలో మీరు కేకలేసిన ఆ చెంగయ్య మామే.

నిన్న పొద్దున ఆయన గొడ్డలివాళ్ళను పిలిపించాడు.

"మీ ఆయనతో మళ్ళా సండా కొట్లాటా నాకొద్దు తల్లీ. చెట్టే లేకపోతే దేనికి తప్పు పట్టేది?"

అత్త చెట్టు కింద మంచం దిగనే లేదు. నాకు ఏం తోచక నోటికొచ్చింది అనేశాను: "వద్దు మామా! కొట్టొద్దని చెప్పమని బావే జాబు రాసినారు. ఆ దినం నోరు జారినానని బాధపడినారు."

"రత్నస్వామి అట్లా రాసినాడా?" అన్నాడు. కండువాతో కళ్ళు తుడుచుకొని, వాళ్ళకు కాఫీ ఇప్పించి పంపేశాడు. సాయంత్రం తనే వచ్చి మన పడమటి గోడ పక్క ఒక కానుగ మొక్క నాటి, ముళ్ళకంప కట్టాడు.

మీకు కోపం వస్తుందని తెలుసు. రానీండి, ఇక్కడి వేడి కంటే ఎక్కువేం కాదు. కానీ ఆయన ఆ జాబు ఒకసారి చూపించమంటున్నాడు. వెంటనే రాసి పంపండి. ఆయన చదివింది ఇక్కడి తమిళ బడిలో, తెలుగు మాట్లాడతాడే గాని చదవను రాదు, తమిళంలో రాయండి. తేదీ వేయకండి.

ఇట్లు,
మీ ఆలి
అమృతవల్లి