మలుపు దగ్గర కిటికీ

అక్కా, పిల్లకి ఉద్యోగం ఖాయమైంది! నీ మేనకోడలికే! పొద్దుగూకాక జనానికి పాతబజారు తిప్పి చూపించే పని ఇక దానిదే!

ఎలా ఉన్నావని అడగను. నీ మీద కోపం కొండంత ఉంది. చీకటిపడ్డాక ఆడపిల్ల ముక్కూమొహం తెలియనివాళ్ళని వెంటేసుకుని సందులు తిరగడమేమిట్రా అని నా గుమ్మంలో నిలబడి అరిచావు. "మా ఇంటి ముందుకొస్తే కిటికీ మూసేస్తా" అన్నావు. మూసేశావు కూడా! మనం పుట్టిన ఇల్లది, నీ ఒక్కదాని సొత్తా? పిల్ల సాధన కోసం రోజూ ఆ మూసిన రెక్కల కింద నిలబడి మన వీధి కథ చెప్పుకునేది. ఇంటికొచ్చి అన్నం కెలుకుతూ "అత్త ఇవాళా తియ్యలేదు నాన్నా" అనేది.

నిన్న ఆఫీసు నుంచి పెద్ద మేడమ్ వచ్చింది, పిల్ల పనికొస్తుందో లేదో తేల్చడానికి. నేనూ మఫ్లర్ చుట్టుకుని గుంపు చివర నడిచాను. మలుపు దగ్గర పిల్ల ఆగింది. "ఈ సందులో రెండు మూటలు ఎదురైతే ఇరుక్కుపోతాయి. అందుకే మా తాత మూట మోసుకొస్తూ ఇక్కడ కేకేసేవాడు. రెండువైపులా కనిపించే ఆ పైకిటికీలోంచి ఆయన కూతురు దారి ఖాళీయో కాదో చెప్పేది" అంది.

"ఎలా చెప్పేది?" అంది మేడమ్.

మూసిన కిటికీని చూపించి పిల్ల ఏం చెబుతుంది? అచ్చం మన నాన్నలాగే మెడ వంచి, "మూటొస్తోంది!" అని కేకేసింది.

రెక్కలు ధడేల్మని తెరుచుకున్నాయి. "ఖాళీయే! రావే తల్లీ!" అన్నావు. అదే గొంతు అక్కా, చిన్నప్పటి గొంతే! గుంపంతా చప్పట్లు. నేను మఫ్లర్‌లో మొహం దాచుకుని ఏడ్చాను. తలెత్తేసరికి కిటికీ మళ్ళీ మూసుకుంది. ఏం పొగరే నీకు!

"ఆవిడ రోజూ ఇలా జవాబు చెబుతారా?" అని మేడమ్ అడిగితే, "మా అక్క నోరు మూయించడం కష్టం గానీ తెరిపించడం ఎంతసేపండీ" అన్నాను. మేడమ్ నవ్వి, "రేపటి నుంచి నువ్వేనమ్మా" అంది పిల్లతో.

కోపం చల్లారిందనుకోకు. ఏ నోటితో నా పిల్ల పరువు తీశావో ఆ నోటితోనే ఈ కబురు అందరికీ చెప్పు. నేను చెప్పను గాక చెప్పను.

ఇట్లు,
ఇంకా మండిపడుతున్న నీ తమ్ముడు

చెప్పాల్సినవాళ్ళు: నీ పెద్దకోడలు, పక్కనున్న దాని చెల్లెలికీ వినపడేట్టు. పిన్ని, చెవి దగ్గర గట్టిగా. "పిల్లని ఇంట్లో కూర్చోబెట్టరా" అన్న బాబాయి, ఆయనకి రెండుసార్లు. నీ వియ్యపురాలు. ఆఖర్న నా కూతురు. దానికి తెలుసులే. అయినా కిటికీ తీసి, నువ్వు చెప్పు.