పదిహేనో బన్ను

మార్చి 3, సోమవారం

పొట్ట డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి సీలియాక్ కావచ్చన్నాడు. గోధుమ, బార్లీ లాంటివి పేగుకు పడని జబ్బు. ఖాయం చేసుకోవాలంటే గొంతులోంచి గొట్టం వేసి చిన్నపేగు ముక్క తీయాలట. ఆ ముక్కలో జబ్బు కనపడాలంటే అప్పటిదాకా రోజూ గోధుమ తినాలట. రెండు నెలల్నుంచి బ్రెడ్ మానేసి ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నాను సార్ అన్నాను. అందుకే మళ్లీ మొదలుపెట్టమంటున్నానమ్మా అన్నాడు. నాలుగు వారాలు, రోజుకు రెండు బ్రెడ్ ముక్కలంత. కొరివితో తల గోక్కోమని చీటీ రాసిచ్చిన డాక్టర్ని మొదటిసారి చూశాను.

ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగాడు. లేదన్నాను. ఆలోచించకుండానే అన్నాను.

మార్చి 4, మంగళవారం. ఉదయం 6.40

బ్రెడ్ కొందామని సంచీ తీసుకుని, ఎందుకో ఫ్రీజరు తెరిచాను. అమ్మ బన్నులు.

అమ్మ పోయి ఎనిమిది నెలలు. స్నానాలగదిలో పడి తుంటి విరగ్గొట్టుకోవడానికి వారం ముందు చేసినవి. కవరు మీద తన కోడికెలుకుడు రాతలో తేదీ కూడా వేసింది. నాన్నా నేనూ వాటి జోలికి పోలేదు. తింటే అయిపోతాయని ఇద్దరికీ భయం, ఆ మాట పైకి మాత్రం అనుకోలేదు. లెక్కపెట్టాను. పదిహేను. అరచేయంతేసి బన్నులు, పైన నువ్వులు. రోజుకు సగం అమ్మ బన్ను, కొట్టు బ్రెడ్ ఒక ముక్క. ఇరవై ఎనిమిది రోజులకు పద్నాలుగు అయిపోతాయి. ఒకటి మిగులుతుంది.

వేడి చేస్తుంటే ఇల్లంతా అమ్మ ఉన్నప్పటి వాసన. నాన్న గదిలోంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. డాక్టరు తినమన్నాడని నేనే చెప్పాను. తిను తల్లీ, అమ్మ చేత్తో చేసింది, ఒంటికి మంచిదే అన్నాడు.

అదే రోజు, 11.15

నేను పనిచేసే ల్యాబు బాత్రూంలో కూర్చుని రాస్తున్నాను. ఒంటికి మంచిదట!

మార్చి 9, ఆదివారం

పొట్ట డప్పులా ఉంది. భోజనమయ్యాక వంటింట్లో సింకు అంచు పట్టుకుని ముందుకు వంగాను, పిడికిలి బొడ్డు దగ్గర నొక్కుకుని. ఎదురుగా కిటికీ అద్దంలో నా నీడ కనపడింది. నేను కాదు, అమ్మ.

అచ్చం అలాగే నిలబడేది. కొళాయి ధారగా వదిలి, గిన్నెలు కడుగుతున్నట్టు. గిన్నెలు ఎప్పుడో కడిగేసి ఉండేవి. నీళ్ల చప్పుడులో మూలుగు వినపడదని ఆ తంటా అని ఇవాళ తెలిసింది, నేనూ కొళాయి విప్పాక.

మీ అమ్మ పొట్టలో రేడియో ఉందే, రోజుకో స్టేషను పలుకుతుంది అనేవాడు నాన్న. నేను పడీపడీ నవ్వేదాన్ని. అమ్మ కూడా నవ్వేది. పరిస్థితి మరీ ముదిరి మంచమెక్కితే, ఆవిడకు వంకలెక్కువ అనేవాడు. దానికి మాత్రం అమ్మ నవ్వేది కాదు.

మార్చి 20, గురువారం

ఆరున్నర మిగిలాయి. నొప్పి అలవాటైంది. అవి తగ్గిపోవడం అలవాటు కావడం లేదు.

ఏప్రిల్ 1, మంగళవారం

గొట్టం వేశారు. అమ్మ నాలుగేళ్ల క్రితం ఇదే మింగి, బతికుండగా మళ్లీ దీని మొహం చూడను అంది. ఇప్పుడు అర్థమైంది.

ముక్కలు మా ల్యాబుకే వస్తాయి. ఈ ఊళ్లో ఇంకెక్కడికి పోతాయి కనుక.

ఏప్రిల్ 2, బుధవారం

ఎవరికీ చెప్పని విషయం కాబట్టి ఇక్కడైనా వివరంగా రాస్తాను. నా పని ఇది. మనుషుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని కరిగిన మైనంలో పెట్టి దిమ్మ చేస్తాను. దిమ్మ గట్టిపడ్డాక ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజు స్లైడు మీద పరిచి, రంగు వేసి, జబ్బు తేల్చే మా ల్యాబు డాక్టరమ్మ మైక్రోస్కోపు దగ్గర పెడతాను. పద్నాలుగేళ్లుగా ఇదే.

చిన్నపేగు ముక్కతో ఒక తిరకాసు ఉంది. పేగు లోపలివైపు మెత్తటి తువ్వాలులా ఉంటుంది, అంతా పోగులే. సీలియాక్ ఉంటే ఆ పోగులన్నీ అరిగి ఉత్త గుడ్డ మిగులుతుంది. పోగులు ఉన్నాయో లేదో తెలియాలంటే ముక్కను మైనంలో అంచు మీద నిలబెట్టి కోయాలి. పడుకోబెట్టి కోస్తే పైనుంచి చూసినట్టు ఉంటుంది, ఎవరూ ఏదీ తేల్చలేరు. బియ్యపుగింజలో సగం ఉంటుంది ముక్క. లెన్సు పెట్టుకుని, మైనం చల్లారేలోపు పట్టకారుతో నిలబెట్టాలి.

మీ ముక్క మీరెందుకు, ఇంకొకరికి ఇవ్వండి అంది డాక్టరమ్మ. నేనే చేస్తానన్నాను. నాలుగు ముక్కలూ సైనికుల్లా నిలబడ్డాయి.

అవి నిలబడగానే ఒక విషయం గుర్తొచ్చింది. రాయను.

ఏప్రిల్ 5, శనివారం

ఉత్త గుడ్డ. పోగు అన్నది లేదు. ఖాయం.

ఏప్రిల్ 10, గురువారం

నాన్న ఇంటిని యుద్ధభూమి చేశాడు. పాత టోస్టరు, చెక్క పీట, జల్లెడ, సగం వాడిన వెన్న డబ్బా అన్నీ బయటికి. వెన్నలో రొట్టె పొడి ఉంటుందట, కత్తి ముంచిన చోటల్లా విషమేనట. డాక్టరు నాకు చెప్పింది ఒకటైతే ఈయన పది నేర్చుకున్నాడు. కొట్లో నిలబడి భూతద్దంతో ప్యాకెట్ల వెనక సన్నక్షరాలు చదువుతున్నాడు. సాస్‌లో గోధుమ, సూప్ పొడిలో గోధుమ, చివరికి చాక్లెట్లో కూడా. ఏ దేవుణ్ణి నమ్మినా నమ్మకపోయినా ప్యాకెట్టును మాత్రం నమ్మకు తల్లీ అన్నాడు.

తనకు టీలో బిస్కెట్టు లేనిదే పొద్దు గడవదు. అది ఇప్పుడు వీధి చివర టీ కొట్టు దగ్గరే. తిని వచ్చి, పుక్కిలించి, మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కుని, అప్పుడు గానీ ఇంట్లో గ్లాసు ముట్టుకోడు.

ల్యాబులో ఎవరిదో పుట్టినరోజు. కేకు వద్దన్నాను. ఒక్క ముక్కకి ఏమవుతుంది, మరీ చాదస్తం అన్నారు. నవ్వి ఊరుకున్నాను. అమ్మ ఎన్నిసార్లు ఇలా నవ్వి ఊరుకుందో.

ఫ్రీజరులో పదిహేనో బన్ను రెండు కవర్లలో చుట్టి ఉంది. దాన్ని పారేయమని నాన్నా అనడం లేదు, నేనూ అనడం లేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

అన్నం తింటూ నాన్న హఠాత్తుగా, మీ అమ్మకీ ఇదే కదూ అన్నాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు గబగబా చెప్పాను. అప్పట్లో పరీక్ష చేయించాంగా నాన్నా, ఏమీ లేదన్నారు కదా, అని.

ఏప్రిల్ 19, శనివారం

ఇక రాస్తాను.

నాలుగేళ్ల క్రితం అమ్మ పేగు ముక్కను మైనంలో పెట్టింది నేనే. ఆ రోజు ముప్పైకి పైగా కేసులున్నాయి. అమ్మది కదా, త్వరగా తేలిపోవాలని అందరికన్నా ముందు దాన్ని తీశాను. లెన్సు పెట్టుకోలేదు. ముక్క ఒరిగిపోయింది. చూస్తుండగానే మైనం గట్టిపడింది. పరవాలేదులే అనుకున్నాను. పరాయివాళ్ల ముక్క అయితే కరిగించి మళ్లీ నిలబెట్టేదాన్ని. నా తల్లి దగ్గరే తొందర వచ్చింది.

అప్పటి మా ల్యాబు డాక్టరు రిపోర్టులో మూడు వాక్యాలు రాశాడు. పుండు లేదు. క్యాన్సరు లేదు. ముక్క నిలువుగా లేనందువల్ల మిగతాది చెప్పలేం, మళ్లీ తీసి పంపితే మంచిది.

అమ్మ మంచం మీద కూర్చుని నా మొహంలోకి చూస్తోంది. మొదటి రెండూ చదివాను. కాగితం మడిచేశాను. మూడోది చదివితే ఎందుకు నిలువుగా లేదని అడుగుతుంది. నా పనికి అప్పటిదాకా ఎవరూ పేరు పెట్టలేదు. సిగ్గేసింది. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం వెతుకుతున్నాను, దొరకడం లేదు. పరీక్ష రాసిన డాక్టరుకీ నేనే ఫోన్ చేసి, అంతా నార్మలే సార్ అన్నాను.

అమ్మ ఎంత సంబరపడిందో. అయితే ఆ గొట్టం మళ్లీ మింగక్కర్లేదుగా అంది. ఆ సాయంత్రమే పిండి కలిపింది. బన్నులు చేసింది. తనూ రెండు తింది.

ఆ తర్వాత మూడేళ్లు ఒళ్లు కరిగిపోతుంటే, పరీక్షలో ఏమీ లేదుగా అని నాన్న అనేవాడు. నిజమే కదా, ఏమీ లేదు. తుంటికి ఆపరేషను చేసినాయన, యాభై ఎనిమిదేళ్లకే ఎముకలు పేలాల్లా ఉన్నాయేమిటమ్మా అని అడిగాడు. తిన్నది ఒంటికి పట్టకపోతే ఎముకకు ఏం అందుతుంది? ఆపరేషను తర్వాత ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. తొమ్మిది రోజులు.

దిమ్మలు పదేళ్లు దాస్తాం. ఇవాళ మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లాక కింది సొరుగులోంచి అమ్మ దిమ్మ తీశాను. కరిగించాను. లెన్సు పెట్టుకుని ముక్కను నిలబెట్టాను. గంట పని. ఆ రోజు కూడా గంట పనే. కోశాను, రంగు వేశాను, చూశాను.

నాదీ అమ్మదీ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పలేం.

ఎప్పుడు వచ్చిందో డాక్టరమ్మ నా వెనక నిలబడింది. ఆమె వచ్చి రెండేళ్లే, అమ్మను ఎరగదు. స్లైడు చూసి, అబ్బ, ఎంత స్పష్టంగా ఉందో, టెక్స్ట్‌బుక్కులో పెట్టుకోవచ్చు అంది. ఎవరిది అని అడిగింది. పాత కేసు అన్నాను. మరి ఆవిడకి చెప్పారా, గోధుమ మానేస్తే చాలు కదా, హాయిగా ఉంటుంది అంది.

చెప్పలేదు మేడం అన్నాను.

ఏప్రిల్ 22, మంగళవారం

నాన్న అన్నం ముందు కూర్చుని ఏడ్చాడు. దాని నొప్పిని వంకలన్నానే, రేడియో అన్నానే, డాక్టరు దగ్గరికి ఇంకోసారి తీసుకెళ్లి ఉంటే బతికేదే అన్నాడు. నేనే చంపుకున్నాను తల్లీ అన్నాడు.

నేను వీపు నిమిరాను. నీ తప్పేం లేదు నాన్నా అన్నాను. ఎవరిదో చెప్పలేదు.

ఏప్రిల్ 24, గురువారం

నాన్న రెండు రోజులుగా టీకి వెళ్లడం లేదు. బిస్కెట్టు మానేశాడట. మీ అమ్మకు లేనిది నాకెందుకు అంటున్నాడు. నా తప్పు ఆయన మోస్తున్నాడు. నేను పక్కన కూర్చుని ప్యాకెట్ల వెనక అక్షరాలు చదువుతున్నాను. మూడో వాక్యం చదవనిదాన్ని, ఇప్పుడు ఒక్క అక్షరం వదలను.

ఏప్రిల్ 27, ఆదివారం. ఉదయం 9.00

చెప్పాను. రిపోర్టు తెచ్చి మూడో వాక్యం నాన్నకు చదివి వినిపించాను.

నాన్న లేచి ఫ్రీజరు తెరిచి, పదిహేనో బన్ను తీసుకుని, వేడి కూడా చేసుకోకుండా బయటికి వెళ్లాడు. కిటికీలోంచి చూశాను. మెట్ల మీద కూర్చుని మొత్తం తిన్నాడు. ఒళ్లో పడ్డ నువ్వులు ఒక్కొక్కటే ఏరుకుని తిన్నాడు.

లోపలికి వచ్చి పుక్కిలించాడు. మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కున్నాడు. రెండుసార్లు.

తర్వాత నా తల మీద చెయ్యి వేశాడు. ఇంకా తడిగానే ఉంది.