నిప్పు కప్పమన్న మాట

తమ్మీ,

ఇయ్యాల సూర్యాపేటల కర్ఫ్యూ తీసేసిండ్రు. నువ్వు పోయి ఏడాదైనంక ఆ డప్పు సాటింపు మన గల్లీకి వచ్చింది.

కర్ఫ్యూ అన్న మాట యాడ పుట్టిందని బడిల తోటి పంతుళ్లందర్నీ అడిగినవ్, యాదున్నదా? ఎవ్వలూ చెప్పలే. పొద్దున నేను పనిచేసే దవాఖానల ఫ్రాన్సు సిస్టరమ్మను అడిగిన. "మా భాషదే," అన్నది. "కూవ్ర్ అంటే కప్పు, ఫ్యూ అంటే నిప్పు. పాతకాలంలో సాయంత్రం గంట కొడితే, ఇండ్లు కాలకుండా అందరూ పొయ్యిలో నిప్పు కప్పేవాళ్లు."

మనం రోజూ చేసేదే గదా అనుకున్న. బూడిద కప్పి పంటే తెల్లారి దాక నిప్పుంటది.

పోయినేడు కర్ఫ్యూ నడుస్తున్న ఆ సాయంత్రం ఎదురింటామె మన కిటికీ దిక్కు సూసి, తనకు బిడ్డ పుట్టిందని, నీళ్లు కాగవెట్టనీకి నిప్పు లేదని మొత్తుకున్నది. దీపం పెట్టినంక ఇంట్ల నిప్పు బయటికి పోవద్దన్నది అమ్మ. "బాలెంతకు గూడ శాస్త్రమానే?" అని కుండపెంకుల నిప్పు కణికలు ఎత్తుకొని నువ్వు గల్లీ దాటినవ్. ఆ ఎర్రటి వెలుగును సూసే సిపాయి కాల్చిండు.

ఆ పిల్ల ఇప్పుడు నడుస్తున్నది. ఇయ్యాల దీపం పెట్టినంక వాళ్లమ్మ మళ్ల నిప్పుకొచ్చింది. అమ్మకు సిస్టరమ్మ చెప్పిన ముచ్చట తెల్వదు, నేను చెప్పలే. అమ్మ లేచి పెంకుల కణికలు పోసింది. మీద దోసెడు బూడిద కప్పి, ఎరుపు యాడన్న కనవడ్తున్నదా అని వంగి సూసి, అప్పుడు ఆమె చేతికిచ్చింది.

నీ అక్క