చాప మీది మాట

అక్టోబర్ 3
పసిఫిక్ దీవుల శాసనసభ్యులు సమావేశానికి కెనడాలోని మా హామిల్టన్ వచ్చి రెండో రోజు. మా పేపరుకి రాసేది నేనే. ఐదు దేశాలు, ఒకటే ప్రశ్న: సముద్రం ముంచిన దీవికి సభలో సీటు ఉంచాలా, తీసేయాలా? వాళ్లలో మెలే గారి దీవి అలాంటిదే. జనం తరలిపోయారు, సభ్యురాలు మిగిలారు. సీటు కూడా పోతే మా ఊరి పేరు ఇంకెక్కడా ఉండదు అన్నారు.

అక్టోబర్ 4
ఆవిడతో బస్సులో. నిండా కాలేజీ పిల్లలు, అంతా తెలుగే. ఒకమ్మాయి లేచి "ఆంటీ, ఇక్కడ కూర్చోండి" అని ఆవిడకి సీటిచ్చింది. మెలే గారు చుట్టూ చూసి: "ఇంతమంది ఇక్కడుంటే మీ ఊళ్లలో ఎవరున్నారు?"
చాలామందే ఉన్నారన్నా.

అక్టోబర్ 5
సమావేశం గదిలో కుర్చీలు తీసేసి, వాళ్ల పద్ధతిలో చాప పరిచారు. ఓటింగ్ లేదు. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు, ఎవరూ కాదనలేదు. సీటు నిలపమని ఐదు సభలూ కలిసి మెలే గారి ప్రభుత్వాన్ని అడుగుతాయి. ఇది నిజమేనా అని ఇద్దరు సభ్యుల్ని విడివిడిగా అడిగా. అవునన్నారు. పేపరుకి రాసి పంపా.
లేస్తూ మెలే గారు: "ఇంకా ఇంట్లో చెప్పాలి." మామూలు మాటే అనుకున్నా.

అక్టోబర్ 6
పొద్దున నా వార్త వచ్చింది. మధ్యాహ్నానికి దీవుల్లో అందరి ఫోన్లలో ఉంది. చాప మీద అనుకున్నది ముందు వాళ్ల పెద్దల ఎదుట కూర్చుని చెప్పాలట. అప్పటిదాకా అది మాట కింద లెక్క కాదు. రెండు దేశాల సభ్యులకు ఇంటినుంచి ఫోన్లు: "మాకంటే ముందు కెనడా పేపరుకా?" ఆ రెండు దేశాలూ తప్పుకున్నాయి.
వార్త మూడుసార్లు చదివా. ఒక్క తప్పు లేదు.

అక్టోబర్ 7
నా భార్య సుధ హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చి: "సవరణ వేయొచ్చుగా?"
ఏం సవరించను?
"రాయనా అని అడిగావా వాళ్లని?"
నిజమేనా అని అడిగా. రాయనా అని ముప్పై ఏళ్లలో ఎవర్నీ అడగలేదు.

అక్టోబర్ 8
హోటల్‌కి వెళ్లా. మెలే గారు సూట్‌కేసు సర్దుతున్నారు. క్షమించమన్నా.
"మీరు అబద్ధం రాయలేదు కదా."
సూట్‌కేసు జిప్పు లాగుతూ: "మా అమ్మకి నేనే చెప్పాలనుకున్నా. పక్కింటావిడ ఫోన్‌లో చదివి వినిపించిందట."
వచ్చే నెల ఆవిడ దేశపు సభలో సీట్ల బిల్లు. మిగిలిన మూడు దేశాలు అడిగితే చాలదట.

అక్టోబర్ 9
ఏమీ రాయలేదు.

అక్టోబర్ 11
ఎడిటర్ ఫాలో-అప్ అడిగాడు: సీటు ఉంటుందా, పోతుందా? మొదటి వాక్యంలో దీవి పేరు రాశా. అక్కడే ఆగా. ఆవిడ ఈపాటికి చేరి ఉంటారు. ఫోన్ చేశా, ఈసారి రాయనా అని అడగడానికి.
రింగవుతోంది…