కంచెలో కంత

కువోపియో,
అక్టోబరు 3

ఊర్హో గారికి,

పక్కింటి సిల్వి రాస్తున్నది. నేనిక్కడ క్షేమం, మీరూ మీ కుక్క హల్లీ కూడా అంతేనని తలుస్తాను. మోకాలి ఆపరేషను బాగా జరిగింది. డాక్టరు మాత్రం ఈ చలికాలం నేను ఒంటరిగా ఉండడానికి వీల్లేదని భీష్మించుకు కూర్చున్నాడు. మా చెల్లెలు తన ఫ్లాట్‌లోనే ఉండిపొమ్మంటోంది. నాలుగో అంతస్తు. పెరడు లేదు, కట్టెల పొయ్యి లేదు, దెబ్బలాడ్డానికి మీరూ లేరు. ససేమిరా అన్నాను.

మంచు గట్టిపడేలోపు వచ్చేస్తాను. అందాకా పెరడు చూస్తానన్నారు కదా. పడవ ఒడ్డుకు లాగి బోర్లించండి. తోట గొట్టంలో నీళ్లు వంపేయండి. ఆపిల్ మొక్క మొదట్లో వల చుట్టండి, లేకపోతే కుందేళ్లు బెరడు ఒలుచుకు తింటాయి. మంచు తోసే ట్రాక్టరువాడికి దారి తెలిసేలా నా గేటు నుంచి మెట్ల దాకా కర్రలు పాతండి.

ఇట్లు,
సిల్వి

తా.క.: మన రెండు పెరళ్ల మధ్య ఉన్న లైలాక్ పూలపొదల కంచె జోలికి పోకండి. అది పోయిన మా ఆయన నాటింది. మీ కుక్క దాని కింద తవ్విన కంత ఒకటి చాలు.

హౌకిసారి,
అక్టోబరు 9

సిల్వి గారికి,

పడవ బోర్లించాను. నీళ్లు వంపేశాను. వల చుట్టాను. కర్రలు పాతాను. వాన పడుతోంది.

ఊర్హో

తా.క.: కర్రలు ఇరవై రెండు పట్టాయి.

కువోపియో,
అక్టోబరు 14

ఊర్హో గారికి,

నా గేటు నుంచి మెట్లకు ఎనిమిది కర్రలు చాలు. తక్కినవి ఎక్కడ పాతారు? పోస్టుబంట్రోతు రైలీ ఫోన్ చేసి, మా కంచెలో బండి పట్టేంత కంత పడిందనీ, మీ కర్రలు అందులోంచి బారుగా నా పెరట్లోకి వచ్చాయనీ చెప్పింది. నా తోట బెంచీ ఆ కంత పక్కనే ఉందట! కాపలా కూర్చుంటున్నారా?

సమాధానం కోసం చూస్తూ,
సిల్వి

తా.క.: రైలీకి కళ్లజోడు మార్చుకోమని చెప్పాను. ఆవిడ చెప్పింది అబద్ధమని మీరే రాస్తారని ఆశ.

హౌకిసారి,
అక్టోబరు 18

సిల్వి గారికి,

రైలీ కళ్లకు ఏమీ కాలేదు. మీ గేటు దగ్గర కర్రలు పాతలేదు. ఆ దారి ఈ ఏడు మీకు అక్కర్లేదు.

ఊర్హో

తా.క.: వాన తగ్గింది.

కువోపియో,
అక్టోబరు 22

అయ్యా,

నాకు దారే అక్కర్లేదా! అంటే నేనిక రానని మీరే తేల్చేశారన్నమాట. నేను ఆసుపత్రి మంచం దిగకముందే నా పెరట్లో సగం కలిపేసుకుంటారా? ముప్పై ఏళ్ల ఇరుగుపొరుగు! నాకు ఏడుపొచ్చింది, దాచను. సోమవారం మా చెల్లెలికి సరేనని చెప్పేస్తున్నాను.

సిల్వి కొక్కోనెన్

తా.క.: హల్లీ మీద నాకు కోపం లేదు. దానికి నా తరఫున ఒక సాసేజి పెట్టండి. మీరు తినకండి.

హౌకిసారి,
అక్టోబరు 24

సిల్వి గారికి,

మీ చెల్లెలికి అప్పుడే సరేననకండి. స్థలం కోసం కాదు. మీ గేటు దగ్గర ఏటవాలు, ఆ మోకాలితో జారిపడతారు. నా గేటు చదును. ట్రాక్టరు నా గేటులోంచి వచ్చి, కంత గుండా మీ మెట్ల దాకా మంచు తోస్తుంది. బెంచీ, మధ్యలో కాలు నొప్పెడితే కూర్చోవడానికి. అదే దారిన మీరు పొద్దున కాఫీకి రావచ్చు. సాయంత్రం నేను వచ్చి పొయ్యి వెలిగిస్తాను. అప్పుడు ఒంటరిగా ఉన్నట్టు కాదు కదా, డాక్టరునడగండి.

ఈ మాట నోటితో చెప్పడం చేతకాక కర్రలు పాతాను. వద్దంటే పీకేస్తాను. నేల గడ్డకట్టకముందే రాయండి.

ఊర్హో

తా.క.: తీసిన లైలాక్ మొక్కలు రెండూ మీ వంటింటి కిటికీ కింద నాటాను. నేను ఇంత పొడుగు ఉత్తరం ఎన్నడూ రాయలేదు. చెయ్యి నొప్పి.

కువోపియో,
అక్టోబరు 28

ఊర్హో గారికి,

డాక్టరునడిగాను. పొద్దున కాఫీ, సాయంత్రం పొయ్యి చాలవన్నాడు. రాత్రి జారిపడితే ఎవరు లేపుతారన్నాడు. పెద్ద డాక్టరు, ఆయన మాట తీసెయ్యలేం. కాబట్టి మీ పరుపు, కాఫీ కెటిల్ తీసుకుని నా ఇంటికి వచ్చేయండి. నా పొయ్యి పెద్దది, మీ ఇంట్లో చలి. కర్రలు అలాగే ఉండనివ్వండి. మా ఆయన ఆ కంచె నాటింది గాలిని ఆపడానికి, మిమ్మల్ని ఆపడానికి కాదు. శనివారం బస్సుకు వస్తున్నాను.

మీ
సిల్వి

తా.క.: కంచె కింది ఆ పాత కంత తవ్వింది హల్లీ కాదు, నేనే. కుక్క అందులోంచి దూరి వస్తే, దాన్ని వెతుక్కుంటూ మీరొస్తారు కదా అని. ఆరేళ్లుగా మీరేమో గేటు దగ్గరే నిలబడి దాన్ని ఈల వేసి పిలుస్తున్నారు.