నా బలిపీఠం మీద చికెన్

ఆదివారం రాత్రి, హెర్న్‌డన్

కోపం ఇంకా దిగలేదు. రేపటి ప్రాచీన మతాల క్లాసు కోసం ఇంటి వెనక ఇటుకలతో పాతకాలం గ్రీకుల బలిపీఠం కట్టుకున్నాను. వారమంతా చదివి, బొమ్మలు చూసి కట్టాను. బలిపీఠం అనే మాట ఎంత బరువుగా ఉంటుందో, అంత బరువుగా కుదిరింది. ఫొటోలు తీయడమే మిగిలింది. లైబ్రరీ నుంచి వచ్చేసరికి రూమ్మేట్లు దాని మీద చికెన్ కాల్చుకుని తినేశారు. ఇటుకల నిండా మసి, నూనె, కారం.

"గ్రిల్ అనుకున్నాం రా," అన్నాడు సందీప్. "అయినా బలిపీఠమే కదా, కోడిని బలిచ్చాం. ప్రొఫెసర్‌ని ఎక్స్‌ట్రా క్రెడిట్ అడుగు, పో."

అందరూ నవ్వారు.

చివరికి ఆ మసి పీఠాన్నే ఫొటో తీశాను. నేను శుభ్రంగా కట్టినదానికంటే ఇదే నిజమైనదిలా ఉంది. అందుకు ఇంకా మండుతోంది.

గ్రీకుల బలిలో పొగ దేవుళ్లకు, మాంసం వచ్చినవాళ్లందరికీ అని రేపు క్లాసులో నేనే చెప్పాలి. కట్టినవాడికి మాత్రం ఒక్క ముక్కయినా ఉంచలేదు వెధవలు.