షమీమ్ ఆపిన చోటు

శుక్రవారం, సాల్మియా

ఈ గల్ఫు ఎడారిలో పొద్దున గాలిదుమ్ము లేసింది. నా బిడ్డ షమీమ్ చనిపోయి ఐదు నెలలు. దాని పాత కెమెరాను ఇన్నాళ్లూ ఎవరినీ ముట్టుకోనీలేదు. ఈరోజు నేనే పాడు చేసినా.

ఆ కెమెరాకు అన్నీ చేత్తోనే చేయల్ల. లెన్సు చుట్టూ ఉండే రింగు తిప్పితేనే బొమ్మ తేటపడేది. షమీమ్ ఎప్పుడు చూసినా గోడలు, ఖర్జూరం చెట్లు, నీళ్ల ట్యాంకులు తీసేది. "నా ఫోటో తీయవేమే?" అంటే, "నువ్వు ఒక్కచోట నిలబడితే గదా మా. నేను తిప్పేలోపల వంటరూములో ఉంటావు" అని నవ్వేది.

అది ఆఖరిసారి తిప్పినకాడనే ఆ రింగు నిలిచిపోయింది. రీలు కడగనిచ్చిన కొట్టు ఏదో నాకు తెలీదు. మిగిలింది ఆ రింగే. ఒకరోజు కదిలించకుండా కంటికి పెట్టుకుని, నా బిడ్డ ఆఖరికి ఎంత దూరంలో ఉండేదాన్ని చూసిందో చూద్దామనుకున్నా. ధైర్యం చాల్లేదు. ఈరోజు చున్నీతో దుమ్ము తుడస్తా తుడస్తా తెలీకుండా ఆ రింగు తిప్పేసినా.

నాతో రూములో ఉండే రమణమ్మ, "ఏం గాదులే అక్కా, మళ్లా తిప్పితే కనపడతాది" అనింది.

తిప్పినా. ఎదురు బిల్డింగు పైపులు తేటపడినాయి. ఇంకొంచెం తిప్పితే బాల్కనీలో కరేపాకు చెట్టు. ఇంకా తిప్పితే నేను రోజూ నిలబడే వంటరూము గడప.

ఎక్కడికి తిప్పినా ఏదో ఒకటి తేటగానే ఉంది, వాటిల్లో అది ఆపిన చోటు ఏదో తెలీలేదు. అల్లా, ఆఖరికి నా బిడ్డ నన్నే చూసిందేమో. ఇంక ఎవరిని అడగల్ల నేను...